నాలుగు కుక్కలు, ఆరు మైళ్ళ మంచు, ఒక మేకు

ముందే చెప్పేస్తాను, అందరూ బాగానే ఉన్నారు. చిట్టి అనే కుక్క కాలికి ఐదు కుట్లు పడ్డాయి, నిన్న ఫిబ్రవరి 3న విప్పేశారు. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నాలుగు కుక్కలతో మంచుదారిలో నడకకి వెళ్ళేముందు నేను వెతికితే దొరికినవన్నీ ఎండలో మెరిసే మంచు ఫొటోలూ, నాలుక బయటపెట్టి నవ్వే కుక్కలూను. దారిలో కుక్క బూటు ఊడిపోతే ఏంటి, మనది కాని కుక్కకి దెబ్బ తగిలితే ఆసుపత్రిలో సంతకం ఎవరు పెట్టాలి అన్నది ఎవరూ రాయలేదు.

మేముండేది అమెరికాలో, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని నాషువా. మాకున్నది ఒక్కటే కుక్క, బూందీ. ఈ దేశపు దక్షిణాది రాష్ట్రాల నుంచి వ్యాన్లలో ఇటు దత్తతకి తెస్తారు చూడండి, ఆ బాపతు. సగం ల్యాబ్రడార్, మిగతా సగం దేవుడికే తెలియాలి. పొట్టి బొచ్చు, చలికి వణుకుతుంది.

డిసెంబరు వచ్చిందంటే ఇక్కడి తెలుగువాళ్ళు రెండు జట్లయిపోతారు. ఇండియా వెళ్ళేవాళ్ళు, వాళ్ళిళ్ళలో మొక్కలకి నీళ్ళు పోసేవాళ్ళు. ఈసారి మేం రెండో జట్టు. మొక్కలతో మొదలై కుక్కల దాకా వచ్చింది. డిసెంబరు 16న విజయవాడ వెళ్తున్న అన్నయ్య వాళ్ళు షేరూని దింపారు. హస్కీ, మూడేళ్ళు, నలభై గుర్రాల బలం. 23న మా ఆఫీసమ్మాయి చిట్టిని తెచ్చింది. రాజమండ్రి పిల్ల, నన్ను అక్కా అంటుంది. చిట్టి గోల్డెన్‌డూడుల్, ఉంగరాల జుట్టు, పద్దెనిమిది కిలోలు. 27న మా ఆయన క్రికెట్ టీమ్‌లో ఒకాయన బ్రూనోని వదిలివెళ్ళాడు. బీగిల్, పదకొండేళ్ళు, ఇంట్లో మామగారిలా కూర్చుంటాడు. ఎవరైనా అటూ ఇటూ పరిగెత్తితే తల తిప్పి చూసి ఒక నిట్టూర్పు వదులుతాడు.

జనవరి రెండో వారంలో వాన పడింది, తర్వాత గడ్డకట్టింది. వీధంతా గాజు. పేవ్‌మెంట్ మీద జల్లిన ఉప్పు అరికాళ్ళకి మండుతుందని నడక పావుగంటకి కుదించేశాం. అంతలోనే షేరు సోఫా మూల పీకేశాడు. అడవికి తీసుకెళ్తే ఉప్పుండదు, కార్లుండవు, అలిసి పడుకుంటాయి అని నాకు తోచింది. మా ఆయన "నాలుగా?" అన్నాడు. ఆ ఒక్క ముక్కే అన్నాడు. అప్పుడు వినుంటే బాగుండేది.

వారం రోజులు సన్నాహం. కుక్క బూట్లు మూడు రకాలు కొన్నాను. బెలూన్లలా ఉండే రబ్బరువి పన్నెండూ కలిపి ఇరవై డాలర్లు. అవి బ్రూనోకి సరిగ్గా సరిపోయాయి, షేరూవి రెండు నిమిషాల్లో చిరిగాయి. వెల్‌క్రో పట్టీతో గుడ్డవి ఒక జట్టు ఇరవై ఎనిమిది. బూందీకి మాత్రం మంచివి, ఎనభై ఐదు. మషర్స్ సీక్రెట్ అని అరికాళ్ళకి రాసే మైనం ఒక డబ్బా. కుక్క తాడుని (లీష్) తగిలించి నడుముకి కట్టుకునే బెల్టు రెండు. మాకు మైక్రోస్పైక్స్ ముందే ఉన్నాయి. తెలియనివాళ్ళకి చెప్తున్నాను, అవి మన బూటుకి తొడిగే రబ్బరు పట్టీలు, కింద గొలుసులుంటాయి, ఆ గొలుసులకి సెంటీమీటరు పొడుగు ఇనప మేకులు. గడ్డకట్టిన దారి మీద ఇవి లేకుండా నడవలేం. ఈ మేకులు గుర్తుపెట్టుకోండి.

బూట్లు అలవాటు చేయడానికి రోజూ హాల్లో పది నిమిషాలు తొడిగేదాన్ని. మొదటిరోజు నాలుగూ వేడి పెనం మీద నిలబడ్డట్టు ఒక్కో కాలూ ఎత్తుకుంటూ నడిచాయి. వీడియో కాల్లో మా అమ్మ చూసి, "కుక్కలకి బూట్లేమిటే, మీ నాన్న రిటైరయ్యేదాకా రెండు జతల చెప్పులే" అంది. మా తెనాలి ఇంట్లో కుక్క గేటు బయట ఉండేది, పేరు కూడా లేదు దానికి. అన్నం పెట్టేటప్పుడు "దా" అని పిలిచేవాళ్ళం, వచ్చేది.

జనవరి 20, శనివారం. పొద్దున్న ఏడుంబావుకి బయల్దేరాం. వెళ్ళింది వైట్ మౌంటెన్స్ అనే కొండల్లో లింకన్ వుడ్స్ దారికి. 93వ నంబరు హైవే మీద 32వ ఎగ్జిట్ తీసుకుని, లింకన్ ఊరు దాటి కాంకమేగస్ రోడ్డు మీద ఐదు మైళ్ళు. అదే ఎందుకంటే ఎక్కుడు దాదాపు లేదు. ఒకప్పుడు కొండల్లోంచి కలప దింపిన రైలు కట్ట అది. 1948 దాకా ఆ రైలు నడిచింది. పట్టాలు తీసేశారు గానీ స్లీపర్లు కొన్ని అక్కడే నేలలో ఉన్నాయి. దారి తిన్నగా, వెడల్పుగా, పక్కనే పెమిగెవాసెట్ నది తూర్పు పాయ. పార్కింగ్ రోజుకి ఐదు డాలర్లు, కవర్లో పెట్టి ఇనప డబ్బాలో వేయాలి. చిల్లర ఉంచుకోండి, మేం ఐదుకి పది వేశాం. ఈ రాష్ట్రంలో హైక్ సేఫ్ కార్డని ఒకటి అమ్ముతారు, కుటుంబానికి ముప్ఫై ఐదు డాలర్లు. కొండల్లో ఇరుక్కుంటే వచ్చి రక్షించిన ఖర్చు మన నెత్తిన పడకుండా. మా దగ్గర ఉంది. ఆ రోజు మోసింది మాత్రం మా ఆయనే, ఆ సంగతికి వస్తాను.

దిగేసరికి తొమ్మిదింపావు. కారు థర్మామీటరు పదహారు ఫారన్‌హీట్ చూపించింది, మన లెక్కలో మైనస్ తొమ్మిది. గాలి లేదు కాబట్టి ముఖానికి అంత తెలియలేదు. పదహారు బూట్లు తొడగడానికి ముప్ఫై ఐదు నిమిషాలు పట్టింది. ఇది ఎవరూ చెప్పరు. చేతి తొడుగులతో వెల్‌క్రో బిగించలేం, తొడుగు తీస్తే రెండు నిమిషాల్లో వేళ్ళు కొయ్యబారతాయి. ఒకదానికి నాలుగోది వేసేలోపు ఇంకొకటి మొదటిది పీకేస్తుంది. ఇంట్లోనే తొడిగి తీసుకొద్దామంటే రెండు గంటల ప్రయాణంలో కాళ్ళు చెమర్చి, బయటికి రాగానే ఆ తడి గడ్డకడుతుందట. పార్కింగ్ దగ్గరున్న రేంజర్ల చెక్క ఇంట్లో కట్టెల పొయ్యి వెలుగుతోంది, వంతులవారీగా వెళ్ళి చేతులు కాచుకొచ్చాం. అక్కడున్న పెద్దాయన మా గుంపుని చూసి నవ్వి, "ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారు?" అన్నాడు.

దారి మొదట్లోనే నది మీద వేలాడే వంతెన. మనం అడుగేస్తే సన్నగా ఊగుతుంది. షేరు ఉయ్యాల ఎక్కిన పిల్లాడిలా దూసుకుపోయాడు. వెనకే చిట్టి, బూందీ. బ్రూనో మొదటి చెక్క మీద ముందు కాళ్ళు పెట్టి, కింద నల్లగా పారుతున్న నీళ్ళు చూసి కూర్చుండిపోయాడు. చికెన్ ముక్క చూపించాం, కదల్లేదు. వెనక స్కీలతో నలుగురు ఆగిపోయారు. పదినిమిషాల తర్వాత మా ఆయన చంకలో పెట్టుకుని దాటించాడు. అవతల దింపగానే ఏమీ జరగనట్టు ఒళ్ళు దులుపుకుని ముందు నడిచాడు.

మొదటి గంట నిజంగా బాగుంది. ఆ గంట కోసం మళ్ళీ వెళ్తానేమో కూడా. పాత మంచు గట్టిగా పేరుకుని ఉంది, దానిమీద రెండంగుళాల కొత్తది, పిండిలా. హెమ్లాక్ చెట్ల కొమ్మల మీద ఉండలు ఉండలుగా. ఎప్పుడో ఒకసారి ఒక కొమ్మ బరువు వదిలేస్తే దుప్పటి దులిపిన చప్పుడు. నాలుగు కుక్కలూ ఒక్కసారి తలెత్తేవి. బూందీ స్వెటర్ మీద చలికోటు వేసుకుని పెళ్ళికి వెళ్తున్నట్టు నడిచింది. దక్షిణాదిలో ఏ వీధిలో పుట్టిందో, ముక్కు మంచులో దూర్చి తుమ్ముకుంటూ ఎంత సంబరపడిందో!

చిట్టి దగ్గర మొదటి చిక్కు వచ్చింది. ఉంగరాల జుట్టుకి కొత్త మంచు పట్టుకుని ఉండలు కడుతుంది. ముందు ఆవగింజలంత, తర్వాత శనగలంత, ఒక మైలు దాటేసరికి పొట్ట కింద నిమ్మకాయలంత. లాగితే జుట్టు ఊడొస్తుంది. అరచేతిలో పట్టుకుని కరిగించాలి, అంటే మళ్ళీ తొడుగు తీయాలి. నాలుగుసార్లు ఆగాం. ఇలాంటి జుట్టున్న కుక్కైతే పొట్ట కాళ్ళు కప్పేలా ఒళ్ళంతా వేసే సూటు ఒకటి దొరుకుతుంది, అది కొనండి. బూట్లకన్నా ముందు అదే.

నడుం బెల్టుకి షేరూని కట్టుకున్నది మా ఆయన. ఆ లాగుడుకి ముందుకి వంగి, బండికి కట్టిన ఎద్దులాగే నడిచాడు. బూందీ, బ్రూనో, చిట్టి ముగ్గురూ నా చేతుల్లో. లీష్‌లు పది నిమిషాలకోసారి జడ అల్లుకునేవి. విప్పడానికి ఒక పద్ధతి కనిపెట్టాను, కుక్కల్ని వదిలేసి నేనే చుట్టూ తిరగడం. దారిలో ఎదురైనవాళ్ళు బాగా నవ్వుకున్నారు.

ఇంకోటి, చెప్పడానికి ఇబ్బందే గానీ చెప్పాలి. నాలుగు కుక్కలంటే సంచులు చాలా అవుతాయి. మేం ఆరు మోసుకొచ్చాం. అడవిలో రాళ్ళలా గడ్డకట్టి వాసనే లేదు, బ్యాగు పక్క జేబులో పెట్టి మర్చిపోయాం. కారు హీటరు వేసిన పావుగంటకి గుర్తొచ్చాయి.

రెండు పాయింటు తొమ్మిది మైళ్ళ దగ్గర ఫ్రాంకోనియా వాగు మీద వంతెన ఉంది. పన్నెండుకి పది నిమిషాలప్పుడు చేరాం. రాత్రి కలిపిన పులిహోర తెచ్చాను. డబ్బా తీస్తే ఒకటే ముద్ద, చెంచా దిగలేదు. మా ఆయన అంచులు విరిచి ఐస్‌ఫ్రూట్‌లా చప్పరించాడు. ఇంగువ వాసన మాత్రం గట్టిగానే వచ్చింది, బ్రూనో వచ్చి డబ్బా ముందు కూర్చున్నాడు. నీళ్ళ సీసాలు తలకిందులుగా పెట్టుకోండి. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్ళుగానే ఉంటుంది. కుక్కల కోసం ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్ళు తేవడం మేం చేసిన ఒకే ఒక్క తెలివైన పని. లేకపోతే మంచు తింటూనే ఉంటాయి, ఒళ్ళు ఇంకా చల్లబడుతుంది. ఫోను బయటపెట్టి ఫొటోలు తీశాను, నలభై ఎనిమిది శాతం ఉన్న బ్యాటరీ చూస్తుండగా చచ్చిపోయింది. లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకోవాలట.

పన్నెండున్నరకి వెనక్కి తిరిగాం. మా ఆయనకి నడుం పట్టేసింది. "షేరూని నాకివ్వు" అన్నాను. బలవంతంగా తీసుకున్నాను కూడా. షేరు నా నడుంకి, చిట్టి నా ఎడమచేతికి. మిగతా రెండూ ఆయనకి.

ఒక అర మైలు వచ్చాక చిట్టి ముందు ఎడమ కాలి బూటు ఊడింది. ఎర్ర గుడ్డ బూటు, తీసి జేబులో పెట్టుకున్నాను. వేయాలంటే తొడుగు తీయాలి, షేరూని ఆపాలి, మోకాలి మీద కూర్చోవాలి. అప్పటికే ఆ పని తొమ్మిదోసారో పదోసారో. తర్వాత ఆగినప్పుడు వేద్దాంలే అనుకున్నాను.

ఒంటిగంటంబావు అయ్యుంటుంది. కుడివైపు చెట్టు మీంచి ఒక ఎర్ర ఉడత దిగి దారికడ్డం పరిగెత్తింది. షేరు దూకాడు. బెల్టు నన్ను పక్కకి తిప్పేసింది, చిట్టి లీష్ మోకాళ్ళకి చుట్టుకుంది, పడిపోకుండా కుడికాలు వెనక్కి వేశాను. కాలికింద మెత్తగా తగిలింది. ఆ మెత్తదనం ఇప్పటికీ నా పాదానికి గుర్తుంది.

చిట్టి అరిచింది. ఒక్కసారే, మనిషి పిల్లలా. తర్వాత చప్పుడు లేదు, కాలు ఎత్తి నావైపు చూస్తూ నిలబడింది. మంచు మీద ఎర్రగా చుక్కలు, తర్వాత మరకలు. నాలుగు వీధుల కూడలిలో దిష్టి నీళ్ళు పారబోసినట్టు ఉంది. పావు లీటరు పోయిందనుకున్నాను. తర్వాత డాక్టరు చెప్పింది, రెండు మూడు చెంచాలకి మించి ఉండదట, మంచు మీద అలా పీల్చుకుని వ్యాపిస్తుందట. అప్పుడు నాకదేం తెలుసు.

మా ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో మనుషుల బ్యాండ్ ఎయిడ్లు, జండూ బామ్, దగ్గు మాత్రలు. గాజుగుడ్డ రెండు ముక్కలు దొరికాయి. నొక్కి పట్టుకుని కూర్చున్నాను. ఐదు నిమిషాలని చదివినట్టు గుర్తు. చేయి తీయకుండా, మధ్యలో ఎత్తి చూడకుండా పట్టుకోవాలి. ఎత్తి చూస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. నేను మూడుసార్లు ఎత్తి చూశాను. చివరికి మా ఆయన తన మేజోడు ఒకటి విప్పి గాజుగుడ్డ మీద చుట్టాడు, దానిమీద బూందీ బూటు తొడిగి బిగించాం. పెద్ద సైజు కాబట్టి పట్టింది. నా జేబులో ఉన్న ఎర్ర బూటు ఇక పట్టదు.

కారుకి ఇంకా ఒకటిన్నర మైలు పైన ఉంది. చిట్టి మూడుకాళ్ళ మీద పది అడుగులేసి కూర్చుండిపోయింది. మా ఆయన బ్యాగు నాకిచ్చి, వంగి, దాన్ని వీపు మీదికెక్కించుకున్నాడు. ముందు కాళ్ళు భుజాల మీద, వెనక కాళ్ళు చేతుల్లో. చిన్నప్పుడు ఉప్పుమూట ఆడతాం చూడండి, అలాగే. పద్దెనిమిది కిలోల ఉప్పుమూట, పొట్టకింద మంచు ఉండలతో. అవి కరిగి ఆయన మెడలోంచి వీపులోకి కారాయి. మిగతా మూడింటినీ నేను పట్టుకున్నాను. షేరు ఆ దూరమంతా ఒక్కసారి కూడా లాగలేదు, నా కాలి పక్కనే నడిచాడు. వాడికేం అర్థమైందో నాకు తెలియదు. నేను మైక్రోస్పైక్స్ విప్పేసి నడిచాను. అది తెలివితక్కువ పని, రెండుసార్లు పడ్డాను. కానీ ఆ మేకులతో మరో కుక్క పక్కన నడవలేకపోయాను. వేలాడే వంతెన దగ్గర బ్రూనోని ఎవరెత్తాలా అనుకుంటుంటే ఆ ముసలాయన తనే దాటేశాడు.

కారు దగ్గరికి మూడింటికి పది నిమిషాలప్పుడు వచ్చాం. ఫోను ఛార్జింగ్‌కి పెట్టి ఆసుపత్రులకి చేశాం. మొదటిది శనివారం మధ్యాహ్నానికే మూసేశారు. రెండోవాళ్ళు ప్రాణాపాయం ఉన్నవే తీసుకుంటున్నామన్నారు. మూడోది హైవే మీద ఇంటికొచ్చే దారిలోనే ఇరవైనాలుగు గంటలది, రమ్మన్నారు. ఈలోగా వాట్సాప్‌లో ఒకాయన "సగం పారాసిటమాల్ వేయండి, నొప్పి తగ్గుతుంది" అని సలహా. వేయలేదు, మంచిదయింది. మనుషుల నొప్పి మాత్రలు కుక్కలకి విషం లాంటివని నర్సు తర్వాత గట్టిగా చెప్పింది.

నాలుగూ ఇరవైకి చేరాం. పది నిమిషాల్లో నర్సు వచ్చి కట్టు విప్పి చూసి, రక్తం ఆగింది కాబట్టి వంతు ప్రకారం పిలుస్తామంది. ఒక కాగితం ఇచ్చింది. దెబ్బ ఎలా తగిలింది అన్న గడిలో "మంచు పెచ్చు కోసుకుంది" అని రాశాను. ఎందుకు రాశానో చెప్పలేను. చేయి దానంతటదే రాసింది అంటే నమ్మకండి, ఒక నిమిషం ఆలోచించే రాశాను.

రెండు గంటల నలభై నిమిషాలు. మా ఆయన మిగతా మూడింటినీ ఇంట్లో దింపి రావడానికి వెళ్ళాడు. నేనూ చిట్టీ. నా ఒళ్ళో తలపెట్టి పడుకుంది. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది. కోపంగా ఉన్నా బాగుండేది.

ఏడింటికి డాక్టరు చూసింది. ముందు కాలి అరికాలి మెత్త మీద గుండ్రంగా ఒక పోటు, అక్కణ్ణుంచి అడ్డంగా చీలిక. "మంచు కోస్తే గీతలా ఉంటుంది. ఇది ఏదో గుచ్చుకుని చీరినట్టుంది. ఇనుమా?" అంది. మామూలుగానే అడిగింది, కడగడం ఎంత లోతుగా చేయాలో తెలియాలి కదా. అప్పుడు చెప్పాను. నా కాలే, నా బూటు మేకే అని. ఆవిడ తలూపి, కాగితం మీద నేను రాసినదాన్ని కొట్టేసి పక్కన రాసుకుంది. అంతే.

తర్వాత అడిగింది, కుక్క మీదేనా? మాది కాదు. మత్తిచ్చి కుట్లు వేయాలి, యజమాని అనుమతి కావాలి, ఫోన్లోనైనా సరే. అంచనా ఏడొందల ఎనభై నుంచి పదకొండొందల యాభై దాకా, తక్కువ అంకె మొత్తం ముందు కట్టాలి. రేబీస్ టీకా కాగితం ఉందా? ఉంది, ఫ్రిజ్ మీద, నాషువాలో.

రాత్రి ఏడుంబావు అంటే ఇండియాలో ఆదివారం తెల్లవారుజామున పావుతక్కువ ఆరు. ఆ అమ్మాయి ఫోను ఎత్తలేదు. రెండోసారి వాళ్ళమ్మగారు ఎత్తారు.

"ఏమ్మా, ఇంత పొద్దున్నే? అందరూ బాగున్నారా?"

"చిట్టికి కాలికి దెబ్బ తగిలిందండీ, ఆసుపత్రిలో ఉన్నాం."

"మనుషులకేం కాలేదు కదా? హమ్మయ్య. ఉండు, లేపుతాను."

లేపే లోపల వినిపించిన చప్పుళ్ళన్నీ గుర్తున్నాయి, తలుపు గడియ, ఎక్కడో కోడి, "లేవే" అని. ఆ అమ్మాయి వచ్చింది. వెయిటింగ్ రూమ్‌లో రెండు గంటలు నేను మనసులో కూర్చుకున్న మాటలన్నీ మంచు పెచ్చు గురించే. అవి పక్కన పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఉడత, బెల్టు, నా కాలు.

మూడు నాలుగు సెకన్లు మాట లేదు. తర్వాత "బూటు వేసుకోలేదా అక్కా అది?" అంది.

"ఊడిపోయింది. నా జేబులో ఉంది. మళ్ళీ వేయలేదు."

ఏడ్చింది. నన్నేమీ అనలేదు. డాక్టరుకి ఫోనిమ్మంది, అనుమతి ఇచ్చింది, మళ్ళీ నాతో "నిద్రమత్తులోంచి లేచేటప్పుడు నువ్వు దగ్గరుండక్కా, కొత్తవాళ్ళని చూస్తే భయపడుద్ది" అంది. ఉన్నాను.

తొమ్మిదీ నలభైకి కుట్లయ్యాయి. కుట్లు నాకకుండా మెడకి ప్లాస్టిక్ గొట్టం, కాలికి నీలం కట్టు, యాంటీబయాటిక్ వారానికి, నొప్పికి కుక్కల మందు ఐదు రోజులకి. బిల్లు ఎనిమిది వందల అరవై నాలుగు డాలర్లు. ఇల్లు చేరేసరికి పదకొండుంబావు. బయటికి తీసుకెళ్ళినప్పుడల్లా కట్టుకి ప్లాస్టిక్ సంచి తొడిగి, లోపలికి రాగానే తీసేయాలి. తీయకపోతే చెమ్మ పట్టి పాచిపోతుంది. రెండు వారాలు నడక ఐదు నిమిషాలకి మించకూడదు. ఆ గొట్టం తలుపులకీ నా పిక్కలకీ గుద్దుకుంటూ తిరిగింది.

ఆ అమ్మాయికి చిట్టి పేర పెట్ ఇన్సూరెన్స్ ఉంది. కానీ బిల్లు నా పేరు మీద ఇచ్చారు, అది చెల్లదు. మళ్ళీ ఆసుపత్రికి ఫోన్లు, పేరు మార్పించడానికి మూడు రోజులు. 24న పంపితే ఫిబ్రవరి 2న డబ్బు పడింది. మనమే భరించాల్సిన రెండొందల యాభై పోను మిగిలినదానిలో ఎనభై శాతం, అంటే నాలుగొందల తొంభై ఒకటి. అది ఆ అమ్మాయి నాకు పంపింది, నేను తిప్పి పంపాను, మళ్ళీ వచ్చింది. మిగతా మూడొందల డెబ్బై మూడు నాదే అని నేను, సగం నాది అని తను. ఇంకా తేలలేదు.

ఎవరి కుక్కనైనా ఉంచుకుంటే ముందే ఒక కాగితం రాయించుకోండి. ఆపదలో వైద్యం చేయించడానికి ఫలానావారికి అనుమతి, ఇంత ఖర్చు దాకా పర్లేదు అని, టీకా కాగితం ఫొటోతో సహా. ఇప్పుడు నా ఫోన్లో బ్రూనోది ఉంది. వాళ్ళు కాశీలో ఉండగా అడిగి తెప్పించుకున్నాను, ఎందుకని కంగారుపడ్డారు పాపం.

29న ఆ అమ్మాయి తిరిగొచ్చింది. తలుపు తీయగానే చిట్టి గొట్టంతో సహా మీద పడిపోయింది. నేను వంటింట్లో టీ పెడుతూ ఉండిపోయాను, అవసరానికి మించి చాలాసేపు. వెళ్ళేటప్పుడు తను ఒక డబ్బా ఇచ్చింది, వాళ్ళమ్మగారు పంపిన ఆత్రేయపురం పూతరేకులు. పైన చీటీ మీద "కుక్కని మోసిన అబ్బాయికి" అని రాసుంది. మా ఆయన నాకు రెండు పెట్టాడు.

నిన్న కుట్లు విప్పడానికి నేనూ వెళ్ళాను. పది నిమిషాల పని. మర్నాడు షేరూ వెళ్ళిపోవాలి, అంటే ఈ రోజు. పొద్దున్నే అన్నయ్య వచ్చి తీసుకెళ్ళాడు, సోఫా మూల చూసి ఏమీ అనలేదు.

బ్రూనో వాళ్ళు 10న వస్తారు. రోజూ పొద్దున్న వాణ్ణి మా వీధి చివరిదాకా, ఉప్పు చల్లని వైపు నడిపిస్తున్నాను. ఇప్పుడు బూట్ల సంచి తీస్తే చాలు, తలుపు దగ్గరికి వచ్చి కూర్చుని, ఒక్కో కాలూ తనే ఎత్తి ఇస్తున్నాడు. నాలుగోది వేశాక నా కాళ్ళ వైపు చూసి, నేను ముందు గడప దిగేదాకా ఆగి, అప్పుడు లేస్తున్నాడు.